సమాజశాస్త్రం మన పిల్లలు ఎందుకు చదవాలి?



తెల్లవారకముందే బెంగుళూరు వీధులను ఊడ్చే పౌరకార్మికులలో తెలుగు మాట్లాడే దళిత స్త్రీలు పెద్ద సంఖ్యలో ఉన్నారు. ఇది మనకందరికీ తెలిసిన సంగతే. కన్నడ నగరంలో చీపురు పట్టిన చేతులకు తెలుగు ఎలా మాతృభాష అయింది? ఒక కుటుంబాన్ని అడిగితే “మా అత్త చేసింది, నేను చేస్తున్నాను” అంటారు. వంద కుటుంబాలను అడిగి చూస్తే కరవు, సెంటు భూమి లేకపోవడం, కులం, ముందుగా వచ్చిన బంధువు చూపిన పని, గుత్తేదారు లెక్కలు ఒకదాని వెంట ఒకటి బయటపడతాయి. తలరాత అనుకున్నదానికి కారణాలు ఉన్నాయని అప్పుడు తెలుస్తుంది. సమాజశాస్త్రం నేర్పేది ఈ విచారణనే.

మైసూరువారైన ఎం.ఎన్. శ్రీనివాస్ 1948లో ఆ ప్రాంతపు పల్లెలో నివసించి, భూమీ సంఖ్యాబలమూ గల కులం ఊరిని ఎలా శాసిస్తుందో వివరించారు. తాను చూసినది అగ్రకులాల వైపు నుండి చూసిన ఊరు అని ఆయనే అంగీకరించారు. వాడ వైపు నుండి చూసి రాయగల పిల్లలు మన ఇళ్లలో ఉన్నారు.

మలాన్ని చేతులతో ఎత్తించరాదని 1993లోనే చట్టం వచ్చింది. తమ వద్ద ఆ పనే లేదని పలు రాష్ట్రాలు అన్నాయి. కోలారు బంగారు గనుల పట్టణంలో, అదే పని చేసిన తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్, ఆయన సహచరులు ఉన్న మరుగుదొడ్లను లెక్కించి, ఫోటోలు తీసి, 2003లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1993 నుండి మురుగుకాలువలలో మరణించినవారి కుటుంబాలకు 10 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని 2014లో తీర్పు వచ్చింది. నేను అనువదించే దరఖాస్తులలో ‘వృత్తి’ అనే గడి ఉంటుంది. ఎన్ని తరాలుగా అని అడిగే గడి నాకింతవరకు కనిపించలేదు.

ఉద్యోగం వస్తుందా అని తల్లులు అడుగుతారు. ఇంజనీరింగులా చదువు ముగియగానే జీతం చేతికి రాకపోవచ్చు. బోధన, సర్వేలు, సంక్షేమ కార్యక్రమాలు ఉన్నాయి. సివిల్ సర్వీసు పరీక్షలో ఇది ఐచ్ఛికాంశం కూడా.

ఒక్క విషయం మాత్రం మరువకండి. వలస వచ్చిన కుటుంబానికి స్వరాష్ట్రపు ఎస్సీ ధ్రువపత్రం ఉన్నా, దానితో ఈ రాష్ట్రపు రిజర్వేషన్ సాధారణంగా దొరకదు. 1950 నాటికి పూర్వులు ఎక్కడ నివసించారన్నదే చూస్తారు. తాతల నాటి రేషన్ కార్డు, పాఠశాల పత్రం, పని చీటీ ఏది ఉన్నా, ప్రవేశాల నెల రాకముందే వెదికి పెట్టుకోండి.