మా పిల్లల ముబాహిసా
(సంఘ వార్షిక సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



ఉర్దూలో పాఠం చెప్పుకునే మమ్మల్ని ఈ వేదిక మీద తెలుగులో మాట్లాడమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. మన పిల్లల్లో చాలామంది తెలుగు, ఇంగ్లీషు మీడియం బడులకు పోతున్నారు, వారికీ అర్థం కావాలి అన్నారు. ఆ మాట నిజమే. మా తెలుగులో తప్పులు దొర్లితే పెద్దలు మన్నించాలి.

ఈ సంవత్సరం మేము తొమ్మిది, పది తరగతుల పిల్లలకు ముబాహిసా, అంటే వాదప్రతివాదం, పెట్టాము. విషయం: 1857లో దివాన్ సాలార్‌జంగ్ చేసినది తప్పా, ఒప్పా? ఒక పీరియడులో అయిపోతుందనుకున్నాము. జుహర్ అజాన్ వినబడేదాకా ఆగలేదు.

సంగతి మీలో చాలామందికి తెలుసు, అయినా పిల్లల కోసం చెబుతాము. ఆ ఏడు మే నెలలో నిజాం నాసిరుద్దౌలా చనిపోయి అఫ్జలుద్దౌలా గద్దెకెక్కారు. ఢిల్లీలో తిరుగుబాటు. ఔరంగాబాదులో కంటింజెంటు సైన్యపు జమేదారు చీదా ఖాన్ ఢిల్లీ మీదికి పోనని ఎదురు తిరిగి, కొద్దిమందితో హైదరాబాదు వచ్చాడు. ఆశ్రయం దొరుకుతుందని వచ్చినవాణ్ణి సాలార్‌జంగ్ పట్టించి రెసిడెంటుకు అప్పగించారు. జులై 17, శుక్రవారం. మక్కా మసీదులో జుమా నమాజు అయ్యాక ఖైదీలను విడిపించాలని జనం లేచారు. తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలాఉద్దీన్ సుమారు 500 మందితో కోఠీలోని రెసిడెన్సీ మీదికి నడిచారు. వారిలో ఎక్కువమంది రొహిల్లాలు. పడమటి గోడకు ఎదురుగా ఉన్న ఇద్దరు సాహుకార్ల ఇండ్లు పట్టుకుని, అక్కడినుంచి కాల్పులు మొదలుపెట్టారు. దివాన్ కబురు ముందే అందడంతో లోపల ఫిరంగులు సిద్ధంగా ఉన్నాయి. తెల్లవారుజాముకల్లా అంతా ముగిసింది.

ఒప్పు అన్న పక్షం పిల్లలు బాగా తయారై వచ్చారు. 1853లో కంటింజెంటు ఖర్చుల బాకీ కింద బీరారు, ధారాశివ్, రాయచూరు అంతర్వేది కంపెనీ చేతికి పోయాయి. ఆ ఏడే సాలార్‌జంగ్ 24 ఏళ్ల వయసులో దివాన్ అయ్యారు. ఖజానా ఖాళీ. నగరం నడిబొడ్డున ఫిరంగులు పేలితే పేదవాడి గుడిసే ముందు పోతుంది కదా అన్నారు. 1860 సంధిలో ధారాశివ్, రాయచూరు తిరిగి వచ్చాయి, 50 లక్షల బాకీ మాఫీ అయింది. తప్పు అన్న పక్షంలో ఒక అబ్బాయి లేచి, "మరి బీరారు వచ్చిందా?" అన్నాడు. రాలేదు. దాని కోసం సాలార్‌జంగ్ 1883లో కన్ను మూసేవరకు అడుగుతూనే ఉన్నారు. చప్పట్లు మోగాయి. మేమూ కొట్టాము. నిర్ణేతలు కొట్టకూడదు, నిజమే.

అప్పుడు వెనక బెంచీనుంచి ఒక పిల్ల లేచింది. ఆమె ఏ పక్షంలోనూ లేదు. "సర్, తుర్రేబాజ్ ఖాన్‌ను ఎవరు చంపారో మీరు ఎప్పుడూ చెప్పలేదు" అంది.

ఆ మాట ఇక్కడ తగిలింది మాకు. తుర్రేబాజ్ ఖాన్ ఖైదునుంచి తప్పించుకున్నాడు. తలకు 5,000 రూపాయల ఇనాము ప్రకటించారు. 1859 జనవరి 24న తూప్రాన్ దగ్గర కాల్చి చంపారు. చంపినది తెల్లవాళ్లు కాదు. నిజాం సర్కారు తాలూకాదారు, కలిమా చదివినవాడే. ఇన్నేళ్లుగా ప్రతి పంద్రాగస్టుకు మేము జెండా కింద తుర్రేబాజ్ పేరు, అండమాన్‌కు పోయి అక్కడే ప్రాణం వదిలిన మౌల్వీ సాహెబ్ పేరు చదువుతున్నాము. ఎవరో ఈ దేశం మీద మాకున్న ప్రేమకు రుజువు అడిగినట్లు, మేము రసీదులు తీసి చూపినట్లు చదువుతున్నాము. మన షహీదుల పేర్లు చెప్పుకోవడంలో తప్పేమీ లేదు. కానీ రసీదు మీద సగం అంకెలు కొట్టేసి చూపితే దాన్ని ఏమంటారో దుకాణం నడిపే మీకు మేము చెప్పనక్కరలేదు.

ఈ సంగతి తెలిసి మన పెద్దలొకరు ఇంటికే వచ్చి, "ఇంటి గుట్టు బజారులో పెడతారేమిటి మాస్టర్ సాబ్? మన మీద ఉన్న మాటలు చాలవా?" అన్నారు. ఆయన కోపంలో ఉన్న బాధ మాకు తెలుసు. చాయ్ తాగించి పంపాము, జవాబు చెప్పలేకపోయాము. ఈరోజు చెబుతాము. ఆ పిల్ల ప్రశ్న మేము ఇక్కడ మింగేస్తే, రేపు బయట ఇంకొకరు అదే సంగతి ఇంకో గొంతుతో ఆమెకు చెబుతారు. అప్పుడు ఆమె నమ్మనిది వాళ్లను కాదు, మమ్మల్ని.

సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ సంగతి కూడా వచ్చింది. 1857లో ఆయన బిజ్నోరులో కంపెనీ ఉద్యోగి, ఇంగ్లీషు కుటుంబాలను కాపాడినవాడు. వెంటనే ఉర్దూలో 'అస్బాబె బగావతె హింద్' రాసి, శాసనసభలో హిందుస్తానీలకు చోటు లేకపోవడం, ప్రజల గోడు వినకపోవడం కారణాలని దొరల ముఖం మీదే చెప్పాడు. ఒక అబ్బాయి, "తెల్లవాళ్ల ఉప్పు తిన్నవాడి రాత ఎలా నమ్మేది?" అన్నాడు. పక్కవాడు, "ఉప్పు తిని కూడా చెప్పాడు, అందుకే నమ్మాలి" అన్నాడు. ఇద్దరిలో ఎవరికి మార్కులు వేయాలి? 1857కు నూరేళ్లు నిండిన 1957లో ఆర్.సి. మజుందార్, ఎస్.ఎన్. సేన్ చెరొక గ్రంథం ప్రచురించారు, వారి మాటే ఒకటి కాలేదు. మన పిల్లలు ఒక మధ్యాహ్నంలో తేల్చేస్తారా!

ఒక్కటి మాత్రం వారు తామే కనిపెట్టారు. తుర్రేబాజ్‌ను గురించి మనకు తెలిసినది చాలావరకు ఆయనను పట్టుకున్నవాళ్లు రాసుకున్నదే. 'రొహిల్లా' అన్న మాట ఆ కాగితాల్లో తిట్టులాగే వాడారని ఒక పిల్లవాడు అన్నాడు. వాళ్ల తాతలు రొహిల్లాలట. గొంతు వణికింది, కానీ కూర్చోలేదు.

బహుమతి ఎవరికీ ఇవ్వలేదు. కప్పు మా బీరువాలోనే ఉన్నది. బదులుగా ఒక ఆదివారం పిల్లలను కోఠీకి తీసుకుపోయాము. రెసిడెన్సీ ఇప్పుడు మహిళా విశ్వవిద్యాలయం, అది మన ఆడపిల్లలకు మహా నచ్చింది. బస్టాండు దగ్గరి స్మారక స్తంభం ముందు నిలబడి ఫాతిహా చదివాము. తిరిగి వస్తుంటే ఆ వెనక బెంచీ పిల్లే మళ్లీ, "చీదా ఖాన్ ఏమయ్యాడు సర్?" అని అడిగింది.

తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు పిల్లలను తీసుకుపోవాలని అనుమతికి దరఖాస్తు పెట్టాము. అక్కడ ఫార్సీ కాగితాలు ఉన్నాయి. మా ఫార్సీ అంతంతమాత్రం. షికస్తా రాత చదవగలిగే బుజుర్గులు మీలో ఎవరైనా ఉంటే, భోజనాలయ్యాక దయచేసి మమ్మల్ని కలవండి. బస్సు ఖర్చు మేము చూసుకుంటాము.