ఐదు రోజుల ఏనుగు

(జంషెడ్‌పూర్‌లో మన సిబ్బంది కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

సెలవు రోజున కుటుంబాలతో వచ్చిన మిమ్మల్ని డిపాజిట్లు, మొండి బాకీలు అంటూ విసిగించను. ఈరోజు ఒక ఏనుగు గురించి చెబుతాను.

రెండేళ్ల క్రితం జూలైలో ఒక ముద్ర రుణం దరఖాస్తు నా బల్ల మీదికి వచ్చింది. రెండు లక్షలు కావాలన్నారు. వృత్తి: దుర్గాపూజ పందిళ్లకు ఆడే బొమ్మలు, దీపాలంకరణ చేయడం. ఆస్తులు: వెదురు, గుడ్డ, పాత మోటార్లు, బల్బులు. ముద్ర రుణాలకు తాకట్టు అడగకూడదని 2015లో పథకం మొదలైనప్పటి నుంచీ మనకు తెలుసు. తెలిసినా మన కళ్లు ఆస్తుల గడి దగ్గరే ఆగుతాయి. దసరా కాగానే విప్పేసే సరుకు మీద రెండు లక్షలా అనుకుని ఫైలు పక్కన పెట్టాను. కోల్‌కతా దుర్గాపూజను 2021లో యునెస్కో తన జాబితాలో చేర్చిందని పేపర్లో చదివి సంతోషించినవాణ్ణే! మూడు వారాలు ఆ ఫైలు కదల్లేదు. ఆయన రెండుసార్లు వచ్చి, కౌంటర్ దగ్గర నిలబడి వెళ్లిపోయారు. ఇది గొప్పగా చెప్పుకునే విషయం కాదు.

చివరికి ఒక ఆదివారం మా అమ్మాయితో సాక్చి బజారుకు వెళ్లినవాణ్ణి, అక్కడి నుంచే సువర్ణరేఖ వంతెన దాటి మాంగోలో ఆయన పని చేసే చోటికి వెళ్లాను. రేకుల షెడ్డు. మధ్యలో వెదురు బద్దలతో కట్టిన ఏనుగు, రెండు నిలువుల ఎత్తు. ఇంకా గుడ్డ తొడగలేదు. కడుపులో సైకిలు చైన్లు, పళ్ల చక్రాలు కనిపిస్తున్నాయి. పక్కన ఒక పిడి ఉంది.

"తిప్పు తల్లీ" అన్నారాయన. మా పాప తిప్పింది. ఏనుగు చెవులు ఊపింది. గట్టిగా తిప్పితే తొండం లేచి, నీళ్లు సూటిగా నా చొక్కా మీద పడ్డాయి. తనిఖీకి వచ్చిన అధికారిని అలా తడిపినందుకు ఆయన కంగారుపడ్డారు. మా అమ్మాయి మాత్రం నేల మీద కూర్చుని నవ్వింది.

తరువాత దీపాల సంగతి చూపించారు. ఇది చందన్‌నగర్ పనివాళ్ల పాత పద్ధతి. ఒక చెక్క రోలరు మీద రాగి రేకులు బిగిస్తారు. మోటారు దాన్ని తిప్పుతుంటే రేకు తగిలినప్పుడు ఒక వరుస బల్బులు వెలుగుతాయి, రేకు దాటగానే ఆరిపోతాయి. వరుస తరువాత వరుస అలా వెలుగుతుంటే చేప ఈదినట్టు, నెమలి పురి విప్పినట్టు ఉంటుంది.

"దాదా, ఇంత కష్టపడి చేసింది ఐదు రోజుల్లో విప్పేస్తారు. బాధ కలగదా?" అని అడిగాను.

"సార్, మ్యూజియంలో బొమ్మను ముట్టుకోనివ్వరు. నా ఏనుగును ఊరంతా ముట్టుకుంటుంది. ఐదో రోజుకి చెవి వేలాడుతుంది. వేలాడకపోతేనే నాకు బాధ" అన్నారు.

ఆయన అసలు ఇబ్బంది వేరే. కమిటీ కొంత బయానా ఇస్తుంది, మిగతాది పండుగ అయ్యాకే. జూలై నుంచి పనివాళ్లకు వారంవారం కూలి ఇవ్వాలి. అందుకని ఏటా నూటికి నెలకు ఐదు రూపాయల వడ్డీకి తెస్తున్నారు. ఒక పాత నోటుపుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టారు. పదకొండేళ్ల లెక్కలు. కమిటీల నుంచి రావలసినవి కొన్నిచోట్ల మిగిలి ఉన్నాయి. పనివాళ్ల కూలి మాత్రం ఏ పేజీలోనూ బాకీ లేదు.

తిరిగి వస్తూ సర్ దొరాబ్జీ టాటా పార్కు దగ్గర ఆగాం. అక్కడి వజ్రం ఆకారపు నిర్మాణం మీరందరూ చూసే ఉంటారు. పాప దాని కథ అడిగింది. 1924లో కంపెనీ దగ్గర జీతాలకు కూడా డబ్బు లేకపోతే దొరాబ్జీ, మెహర్‌బాయి దంపతులు తమ సొంత ఆస్తిని, కోహినూరుకు రెట్టింపు పైగా ఉన్న 245 క్యారెట్ల జూబిలీ వజ్రంతో సహా, ఇంపీరియల్ బ్యాంకులో తాకట్టు పెట్టారు. కంపెనీ నిలబడింది, వజ్రం ఇంటికి వచ్చింది.

"మరి ఏనుగు తాతకి వజ్రం లేదుగా నాన్నా?" అంది పాప.

నాకు జవాబు దొరకలేదు. ఆనాటి అప్పూ పనివాళ్ల జీతాల కోసమే, ఈయన అడిగిందీ కూలి కోసమే. వజ్రం చూసి అప్పివ్వడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. నోటుపుస్తకం చదివి ఇవ్వడానికే మనలాంటి వాళ్లం ఉన్నాం.

సోమవారం రుణం మంజూరు చేశాను. నెలనెలా కిస్తీ పెడితే రాబడి లేని నెలల్లో ఆయన మళ్లీ వడ్డీ వ్యాపారి దగ్గరికే వెళతారు. అందుకే పెద్ద కిస్తీలు కాళీపూజ తరువాతకు పెట్టాం. మొదటి ఏడాది సమయానికే కట్టారు. నిరుడు కమిటీ డబ్బు ఆలస్యమైంది. గడువుకు ముందే వచ్చి ఆ సంగతి చెప్పి, నెల తరువాత కట్టేశారు.

తోటి ఉద్యోగులకు ఒక్క మాట. కాగితం మీద అర్థం కాని వృత్తి కనిపిస్తే ఫైలు పక్కన పెట్టకండి, వెళ్లి చూడండి. వీలైతే పిల్లల్ని తీసుకెళ్లండి. మనం అడగని ప్రశ్న వాళ్లడుగుతారు.

ఈసారి ఆయన కప్పను చేస్తున్నారట. పిల్లలూ, పిడి గట్టిగా తిప్పండి. పెద్దలు మాత్రం పాత చొక్కాలు వేసుకుని రండి.

సెలవు.