వినడం చదవడం కాదు

  మాస్టారి పాండిత్యం గురించి పెద్దలు ఏటా ఈ స్మారకోపన్యాస వేదిక మీదే చెబుతున్నారు. మళ్లీ నేను చెప్పను. నాకు బాగా గుర్తున్నది ఆయన ముక్కు. వంటింట్లో పోపు వేస్తుంటే, ఇంగువ ఎక్కువైందనో మెంతులు మాడాయనో ముందుగదిలో కూర్చునే చెప్పేసేవారు. అమ్మగారు ఎప్పుడూ కాదనలేదు. ఇంద్రియాల మీద పాఠం చెప్పడానికి తగిన మనిషి ఆయనేనని అప్పుడు నమ్మాను, ఇప్పుడూ నమ్ముతున్నాను.

నిర్వాహకులు ఇచ్చిన అంశం ‘ఇంద్రియాలు, చదువు’. ప్రత్యక్షం గురించి, అంటే ఇంద్రియాల ద్వారా కలిగే జ్ఞానం గురించి, నైయాయికులకూ బౌద్ధులకూ జరిగిన వాదం మీరెరిగిందే. పుట్టుకతో చూపు లేని మనిషికి చూపు వస్తే, అంతదాకా చేత్తో తడిమి ఎరిగిన గోళాన్నీ ఘనాన్నీ కంటితో పోల్చుకోగలడా అని 1688లో విలియం మోలినూ వేసిన ప్రశ్న కూడా పాతదే. పవన్ సిన్హా బృందం మన దేశంలోనే శస్త్రచికిత్సతో చూపు వచ్చిన పిల్లల్ని పరీక్షించి 2011లో జవాబు చెప్పింది: వెంటనే పోల్చుకోలేరు, కొద్ది రోజుల్లో నేర్చుకుంటారు. అంటే ఒక ఇంద్రియానికి తెలిసింది మరో ఇంద్రియానికి దానంతటది తెలియదు. ఇక్కడిదాకా ఎవరికీ పేచీ లేదు. నా పేచీ వేరే ఉంది.

‘ఫోన్లు వచ్చాయి, స్క్రీన్ రీడర్లు వచ్చాయి, పాఠాలన్నీ ఆడియోలో దొరుకుతున్నాయి, ఇక చూపు లేని పిల్లలకు బ్రెయిలీ ఎందుకు?’ ఈ మాట శిక్షణ తరగతుల్లో విన్నాను, అధికారుల నోట విన్నాను, చివరికి తల్లిదండ్రులూ అంటున్నారు. ఒక పాఠశాలలో బ్రెయిలీ స్లేట్లు బీరువాలో తుప్పు పట్టి ఉన్నాయి. ఎనిమిదో తరగతి పిల్లవాడు కాంతి పాఠమంతా గడగడా అప్పజెప్పాడు. నీ పేరులో ఎన్ని అక్షరాలున్నాయి నాన్నా అంటే జవాబు లేదు. వాడి తెలివికి లోటు లేదు. వాడి చేతికి అక్షరం ఇవ్వనిది మనం.

అవతలి పక్షం దగ్గర ఆధారాలు లేకపోలేదు. 2016లో రొగోస్కీ, ఆమె సహచరులు ఒకే పుస్తక భాగాన్ని కొందరికి వినిపించారు, కొందరిచేత తెరమీద చదివించారు. ఎంత అర్థమైందన్న దాంట్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. 2019లో గాలంట్ ప్రయోగశాల, కథ విన్నా చదివినా మెదడులో అర్థం పరుచుకునే తీరు దాదాపు ఒకటేనని చూపింది. రెండూ మంచి పరిశోధనలే. కాని ఆ ప్రయోగాల్లో కూర్చున్నవాళ్లెవరు? చిన్నప్పుడే అక్షరాలు నేర్చి ఏళ్ల తరబడి చదివిన పెద్దవాళ్లు. వాళ్లు వింటున్నప్పుడు కూడా వెనకాల చదివిన బుద్ధి పనిచేస్తూనే ఉంటుంది. అసలు అక్షరమే అందని పిల్లవాడి గురించి ఆ ఫలితాలు ఏమీ చెప్పవు.

ఇక వేలి సంగతి. బ్రెయిలీ గడిలో ఆరు చుక్కలు. చుక్కకూ చుక్కకూ ఎడం సుమారు రెండున్నర మిల్లీమీటర్లు. చూపుడువేలి కొస కిందికి ఒక్క అక్షరమే వస్తుంది. చిన్నప్పుడే చూపు పోయినవాళ్లు దీన్ని చదువుతుంటే తల వెనకభాగంలోని దృష్టి వల్కలం పనిచేస్తోందని 1996లో సదాతో బృందం చూపింది. మరుసటేడు కోహెన్ బృందం అక్కడ అయస్కాంత స్పందనలు పంపితే చదివేవాళ్లు తప్పులు చదివారు. లేని చుక్కలు తగిలినట్టు కూడా కొందరు చెప్పారు.

దీనికి ఎదురు వాదన ఉంది. చూపు లేనివారిలో మాట వింటున్నప్పుడు కూడా ఆ భాగం స్పందిస్తుందని 2011లో బెడ్నీ బృందం ప్రకటించింది. ‘అక్కడికి చెవి కూడా చేరుతున్నప్పుడు వేలి ప్రత్యేకత ఏముంది?’ అని నన్ను సభాముఖంగానే అడిగారు. జవాబు 2000లో హామిల్టన్ బృందం ప్రచురించిన ఒక రోగి చరిత్రలో ఉంది. పుట్టుకతో చూపు లేని స్త్రీ, బ్రెయిలీలో ఆరితేరిన మనిషి. పక్షవాతంలో తల వెనకభాగం రెండువైపులా దెబ్బతింది. కోలుకున్నాక మాట బాగుంది, వినికిడి బాగుంది. కాగితం మీద చుక్కలు వేళ్లకు తగులుతూనే ఉన్నాయి. చదవడం మాత్రం పోయింది. వినడమూ చదవడమూ ఒకటే అయితే, ఒకటి నిలిచి రెండోది పోవడం ఎలా కుదురుతుంది? ఈ ప్రశ్నకు నాకింతవరకు సరైన సమాధానం రాలేదు.

రూబీ రైల్స్ 1996 నాటి అధ్యయనాన్ని కూడా మావాళ్లు తరచు ఎత్తి చూపుతారు. చిన్నప్పుడు బ్రెయిలీలో చదవడం నేర్చినవారిలో నిరుద్యోగం తక్కువని ఆమె తేల్చారు. దాన్ని నేను జాగ్రత్తగా వాడతాను. బ్రెయిలీ నేర్పించిన ఇళ్లలో పిల్లల చదువు మీద శ్రద్ధ కూడా ఎక్కువ ఉండి ఉండవచ్చు. నా వాదం దాని మీద ఆధారపడలేదు.

తెలుగు దగ్గరికి వస్తే విషయం మరీ స్పష్టం. ‘అర్థం’, ‘అర్ధం’ మనలో చాలామంది నోట ఒకేలా పలుకుతాయి. విని నేర్చిన పిల్లవాడికి రెండూ ఒకటే. 1951లో స్థిరపడిన భారతి బ్రెయిలీలో ‘థ’కు 1, 4, 5, 6 చుక్కలు, ‘ధ’కు 2, 3, 4, 6. వేలు ఈ రెంటినీ కలగాపులగం చెయ్యదు. స్క్రీన్ రీడర్ కూడా అక్షరం అక్షరం చదివి వినిపిస్తుంది కదా అంటారు. వినిపిస్తుంది, అడిగితే. అడగాలంటే ముందు అనుమానం రావాలి. అక్షరాన్ని ఎన్నడూ తాకని పిల్లవాడికి ఆ అనుమానం ఎక్కడినుంచి వస్తుంది? వినికిడి కూడా లేని పిల్లల మాట ఈ చర్చలో ఎవరూ ఎత్తకపోవడం నాకు బాధ కలిగిస్తుంది. వాళ్లకు ఆడియో దేనికి పనికొస్తుంది?

నేను ఫోన్లకు విరోధిని కాను. పదో తరగతిలో ఫోను ఉండనివ్వండి. అయిదో ఏట మాత్రం చుక్కలు ఉండాలి. ప్రస్తుతం మేం చేస్తున్న పని ఆ అయిదో ఏటి గురించే. బడికి రాకముందు పిల్లల వేళ్లకు అలవాటు కావడానికి తెలుగులో తడిమి చదివే పుస్తకం ఒకటి తయారుచేస్తున్నాం. మొదట మాకు ఎదురైన చిక్కు బొమ్మలతో. ఆవు బొమ్మ గీతను ఉబ్బెత్తుగా అచ్చువేస్తే, అది కంటికి ఆవు, వేలికి వంకర గీత. అందుకని ఆవు పుటలో గీత తీసేసి పలుపు ముక్క కుట్టాం, చిన్న మెడగంట కట్టాం. చింతచెట్టు పుటలో గింజలు, పిక్క తీసిన కాయ పెంకు. పక్కనే బ్రెయిలీలో పేరు.

రెండో చిక్కు ఇంకా తెమల్లేదు. అచ్చులో ‘ఇ’ వేరు, గుడి వేరు. బ్రెయిలీలో రెంటికీ అదే గడి, 2, 4 చుక్కలు, హల్లు తర్వాత వస్తుంది. అలాంటప్పుడు అచ్చులు, హల్లులు అన్నీ అయ్యాకే గుణింతం అనే బడివరస ఈ పిల్లలకు అవసరమా? అక్కర్లేదని నా అభిప్రాయం. మొదటి వారంలోనే ‘కాకి’ చదివించవచ్చు. ఒత్తులది మాత్రం మరో దారి. హలంతపు చుక్క హల్లుకు ముందే వస్తుంది గనక ‘అమ్మ’ అనే మాట ‘కాకి’ కన్నా కష్టం. ఏ పదం ముందు, ఏది తర్వాత అన్నది పిల్లల వేళ్లే తేల్చాలి.

బయట బల్ల మీద మొదటి భాగం ప్రతులు పెట్టించాను. ఈ సభలో రిసోర్స్ టీచర్లున్నారు, అంగన్‌వాడీ కార్యకర్తలున్నారు. ఒక్కొక్కరు ఒక ప్రతి తీసుకెళ్లండి. మీ పరిధిలో చూపు లేని పిల్లలుంటే వాళ్ల చేతికివ్వండి. ఏ పుట దగ్గర వేలు ఆగింది, ఏ పుట వదిలేసి ముందుకు పోయింది, పిల్లవాడు తనంతట తాను ఏ పదం పలికాడు, ఈ మూడూ ఒక కార్డు మీద రాసి పంపండి. రెండో భాగంలో పదాల వరస ఆ కార్డులు చూశాకే పెడతాం.