లుక్బాన్ - ఫిలిప్పీన్సులో ఒక చిన్న ఊరు
(సాంస్కృతికోత్సవ సభలో చదివిన ప్రసంగ పాఠం)



మేము అంటే మేమిద్దరం, భార్యాభర్తలం. మాట్లాడేది ఒకరే అయినా రాసినది ఇద్దరం కూర్చునే. ఇద్దరమూ ఈ మలేసియాలో మూడవ తరం వాళ్ళం, ఇద్దరమూ బడిపంతుళ్ళమే. మా తాతలు దిగువ పేరాక్ కొబ్బరి తోటలకు వచ్చిన రోజుల్లో లైన్ల ఇళ్ళలో తెలుగు బాగానే వినిపించేదట. మేము పలక పట్టేనాటికి తోటలో ఉన్నది తమిళ బడి. తరువాత మలాయ్‌లోను, ఇంగ్లీషులోను పాఠాలు చెప్పి పదవీవిరమణ చేశాము. యాభై దాటాక, మనవల ఈడు పిల్లల పక్కన బెంచీ మీద కూర్చుని గుణింతాలు దిద్దుకున్నాము. కాబట్టి ఎక్కడైనా ఒత్తు జారిపోతే పెద్దమనసుతో మన్నించాలి.

కార్యదర్శిగారు మమ్మల్ని సంస్కృతీ పరిరక్షణ గురించి మాట్లాడమన్నారు. అంత పెద్ద మాట మా నోటికి పట్టదు. ఒక ఊరు చూసి వచ్చాము, దాని సంగతి చెప్పుకుంటామన్నాము. సరే అన్నారు.

ఆ ఊరి పేరు లుక్బాన్. ఫిలిప్పీన్సులోని లూజోన్ ద్వీపంలో, మనీలాకు ఆగ్నేయంగా, కెజోన్ ప్రావిన్సులో ఉంది. లుక్బాన్ అంటే వాళ్ళ భాషలో పంపరపనస. ఊరికి నైరుతి దిక్కున బనాహావ్ అనే పెద్ద అగ్నిపర్వతం. ఎత్తు రెండువేల మీటర్ల పైమాటే. పసిఫిక్ సముద్రం మీది మబ్బులు ఈ కొండను కొట్టుకుని ఆగిపోతాయి కనుక ఊరికి వానకు లోటు లేదు. మేము వెళ్ళింది మే నెల, ఎండల కాలం. అయినా మధ్యాహ్నమయ్యేసరికి జల్లు పడేది, సాయంత్రం శాలువా కావలసివచ్చేది. వాలు పొలాల్లో వరి, కూరగాయలు, పైన కొబ్బరి. కెజోన్ ప్రావిన్సంతా కొబ్బరికి పేరుపడినదే. బస్సు కిటికీలోంచి ఆ కొబ్బరి వరుసలు చూసి మాలో ఒకరికి కళ్ళు చెమర్చాయి. ఎవరికో చెప్పము.

అక్కడ మునిసిపాలిటీ అంటే మన వాళ్ళనుకునే పురపాలక సంఘం మాత్రమే కాదు. ఒక చిన్న పట్టణం, దాని చుట్టూ పల్లెలు, అన్నీ కలిపి ఒక మేయరు కింద ఉంటాయి. ఆంధ్రదేశంలోని మండలాన్ని తలచుకుంటే దగ్గరగా ఉంటుంది. లుక్బాన్‌లో 2020 లెక్కల ప్రకారం 53 వేల పైచిలుకు జనం. మునిసిపాలిటీని 32 బరంగాయ్‌లుగా విభజించారు. బరంగాయ్ అన్నది పూర్వం పడవ పేరు. పడవలో కలిసి వచ్చినవారు ఒకచోట దిగి కాపురముంటే ఆ వాడకు అదే పేరు నిలిచిందంటారు. ఓడ దిగిన వాళ్ళ మనవలం, ఆ మాట మాకు బాగా నచ్చింది.

ప్రతి బరంగాయ్‌కి ఎన్నుకున్న ఒక పెద్ద, ఏడుగురు సభ్యులు. ఇరుగుపొరుగు తగాదా వస్తే నేరుగా కోర్టుకు పోవడానికి వీలులేదు. 1978లో చట్టంగా మొదలైన పద్ధతి ప్రకారం చాలా తగవులు ముందు బరంగాయ్ పెద్ద ఎదుట రాజీకి రావాలి. అక్కడికి ప్లీడరును తీసుకురాకూడదు, ఎవరి గోడు వాళ్ళే చెప్పుకోవాలి. మన రచ్చబండను చట్టంలో రాసి పెట్టినట్టున్నది. కావలసినవాళ్ళ పక్షాన మొగ్గు చూపే పెద్దలు అక్కడ లేరని మేము అనము. మనుషులున్న చోట అదీ ఉంటుంది.

మేము వెళ్ళింది 2019 మేలో. 13వ తేదీన దేశమంతా ఎన్నికలు జరిగాయి, 15న ఊరి పండుగ. గోడల మీద అభ్యర్థుల ముఖాలు ఇంకా నవ్వుతూనే ఉన్నాయి. వాటి పక్కనే వరి కంకులు, గుమ్మడికాయలు, అరటి గెలలు, పచ్చిమిరప దండలు వేలాడుతున్నాయి. ఆ పండుగను పహియాస్ అంటారు, అలంకారమని అర్థం. రైతులను కాపాడే ఇసిద్రో అనే పునీతునికి పంట చూపించి కృతజ్ఞత చెప్పుకునే రోజు. పూర్వం రైతులు పంటను చర్చికి మోసుకుపోయేవారట. పంట పెరిగి చర్చిలో చోటు చాలకపోయేసరికి ఎవరి పంట వాళ్ళ ఇంటి ముందే పేర్చుకోవడం, పునీతుని ప్రతిమే ఊరేగుతూ ఆ ఇళ్ళ ముందుకు రావడం మొదలైందని చెప్పారు. 1960లలో ఊరి చిత్రకారులు పూనుకుని దానికి ఇప్పటి రూపం తెచ్చారు.

ఆ అలంకారంలో ముఖ్యమైనది కిపింగ్. దీని గురించి కొంచెం ఎక్కువసేపు చెబుతాము, ఓర్చుకోండి. బియ్యం నానబెట్టి మెత్తగా రుబ్బి, ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగులు కలుపుతారు. వెడల్పాటి ఆకు మీద ఆ పిండిని పలుచగా రాసి ఆవిరి పట్టిస్తారు. చల్లారాక ఆకు నుంచి ఒలిచి, బరువు కింద అణచి ఆరబెడతారు. ఆకు ఈనెలన్నీ అచ్చు పడిన అద్దంలాంటి రేకు వస్తుంది. ఇలాంటివి వందలకొద్దీ గుచ్చి పెద్ద దీపపు గుత్తులలాగా కిటికీలకు వేలాడదీస్తారు. ఎండ పడితే వీధంతా రంగుల వెలుగు. పండుగయ్యాక వేయించుకుని తింటారు. మా తరగతిలో ఆత్రేయపురం పూతరేకుల గురించి ఒక పాఠం చదివాము. మేము పూతరేకు తిన్నాము గాని చేయగా చూడలేదు. బియ్యప్పిండి రేకు చేయడం మొదటిసారి చూసినది లుక్బాన్‌లో, ఆకు మీద.

చూపించినది మాకు గది ఇచ్చిన ఇంటి పెద్దావిడ. అక్కడ అమ్మమ్మనైనా నాయనమ్మనైనా లోలా అంటారు, మేమూ అలాగే పిలిచాము. పిల్లలు ఇంట్లోకి రాగానే ఆవిడ చెయ్యి తీసుకుని తమ నుదుటికి ఆనించుకుంటారు. ఆ ఇంటి మనవడు మా చేతులూ అలాగే తీసుకుంటే మాకు ఏమి దీవించాలో తోచక "చిరంజీవ" అన్నాము. ఉపాధ్యాయులమని తెలిసి ఆవిడ "గురో!" అన్నది. వాళ్ళ భాషలోనూ అదే మాట. ముఖం ముఖా, ఆశ ఆసా. పక్కనున్న లగూనా ప్రావిన్సులో 1989లో దొరికిన రాగి రేకు మీద శక సంవత్సరం 822, వైశాఖమాసం, కృష్ణపక్షం అని తిథితో సహా ఉన్నది. ఒక కుటుంబపు అప్పు తీరిపోయిందని రాసిచ్చిన పత్రమది. మనకు తెలిసిన తేదీ లెక్క పదకొండు వందల ఏళ్ళ క్రితం అంత దూరం వెళ్ళింది.

లగూనా పేరు వచ్చింది గనుక ఇంకొక మాట. అక్కడి లాస్ బానోస్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ 1966లో ఐఆర్-8 వంగడాన్ని విడుదల చేసింది. మరుసటి ఏడే దాన్ని పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటలో పండించి చూపినవారు నెక్కంటి సుబ్బారావుగారు. ఈ సంగతి చెబితే లోలా తన గిన్నెలోని బియ్యం మాకు చూపించి, అయితే మీదీ మాదీ ఒకే కుండ అన్నది.

అసలు సంగతికి వస్తాము. ఆవిడ రాత్రి పొద్దుపోయేదాకా రేకులు ఒలుస్తూనే ఉన్నది. మరునాడు చూస్తే ఆ ఇంటికి ఒక్క రేకూ కట్టలేదు. అడిగితే చెప్పింది. ఊరేగింపు ఏటా ఒకే దారిన పోదు. ఒక్కొక్క ఏడు కొన్ని వీధుల వంతు. మళ్ళీ అదే ఇంటికి రావడానికి కొన్నేళ్ళు పడుతుంది. ఆ ఏడు వాళ్ళ వీధి వంతు కాదు. రేకులన్నీ వేరే వీధిలోని చుట్టాల ఇంటికి.

"మరి మీ వంతు వచ్చినప్పుడు?"

"వాళ్ళు వచ్చి చేస్తారు. నేనప్పటికి ఉండకపోవచ్చు. అందుకే ఇప్పుడు నేర్పుతున్నాను" అని మనవరాలి వైపు చూపించింది. ఆ పిల్ల ఒక చేత్తో సెల్‌ఫోను చూస్తూ రెండో చేత్తో రేకు ఒలుస్తోంది. రేకు మాత్రం చిరగలేదు.

అంతా బాగుందని చెప్పడం లేదు. పండుగనాడు పెద్ద కంపెనీల బ్యానర్లు పంట కంటే పైన కట్టారు. బహుమతుల కోసం అలంకరించే ఇళ్ళూ ఉన్నాయి. జనం తోపులాటలో మా గొడుగు పోయింది. ఆ ఊరి పిల్లలూ మన పిల్లలలాగే గల్ఫుకు, కెనడాకు పోతున్నారు. లోలా కూతురు దుబాయిలో నర్సు. అలంకారం ఖర్చులో కొంత ఆమె పంపినదే. కాని ఆ వీధిలో తలుపు వేసిన ఇల్లు మాకు కనిపించలేదు. అరటాకులో నూడిల్సు పెట్టి, చెంచా లేకుండా ఆకు ఎత్తి నోటితోనే తినాలన్నారు. మాంసం లేకుండా అడిగితే నవ్వి, వేరే వండిపెట్టారు. చొక్కా మీద పోసుకున్నవారి పేరు చెప్పము.

తిరిగి వచ్చాక మన సంక్రాంతి జరిగింది. హాలు అద్దెకు తీసుకున్నాము, అరిసెలు ఆర్డరిచ్చి తెప్పించాము, పొట్లాలు పంచాము. ఎవరినీ తప్పుపట్టడం లేదు, ఆ పొట్లాలు కట్టినవాళ్ళలో మేమూ ఉన్నాము. మా అమ్మలకు పాకం పట్టడం వచ్చు. మేము బడి దిద్దుడు కాగితాలలో పడి నేర్చుకోలేదు. పోయిన ఏడు పుస్తకం చూసి చేస్తే అరిసెలు నూనెలో విడిపోయాయి.

అందుకని ఒక మనవి. హాలు ఉండనివ్వండి. దానికి ముందు ఆదివారం ఒక ఇంట్లో పిండివంటలు చేద్దాము. ఏటా ఇల్లు మారాలి, వంతు లేని ఇళ్ళవాళ్ళు వచ్చి చెయ్యి కలపాలి. మాట్లాడేది ఎంతవరకు వస్తే అంతవరకు తెలుగే. మొదటి వంతు మాది. బియ్యం మేము నానబోస్తాము, బెల్లం తెప్పిస్తాము. తీగపాకం, ఉండపాకం తేడా తెలిసిన పెద్దమ్మలెవరైనా ఈ సభలో ఉంటే, భోజనాలకు లేచేముందు దయచేసి మాకు కనబడండి.