ఆటలో అక్షరాభ్యాసము

ఒకప్పుడు కోనసీమ వీధిబడులలో పిల్లలు ఇసుకలో ఓనమాలు దిద్దెడివారు. తరువాతి తరములవారు రాజమహేంద్రవరము, కాకినాడ, భీమవరము పట్టణములలో టైపు ఇన్‌స్టిట్యూటులకు పోయి, ‘ఎ, ఎస్, డి, ఎఫ్’ అనుచు దినమున కొక గంట మీటలు కొట్టిరి. లోయరు పరీక్షకు నిమిషమునకు 30 మాటలు, హయ్యరుకు 45. అది ఉద్యోగము కొరకు పడిన శ్రమ. నేడు ఆ విద్యయే కంప్యూటరుపై ఆటగా మన పిల్లల ముందునకు వచ్చినది. ఇది విద్యయా, కాలక్షేపమా యని మనము సందేహించుట సహజమే.

‘టక్స్ టైపింగ్’ అను ఆటలో అక్షరములు మోయుచు చేపలు పైనుండి జారును. తగిన మీట నొక్కినచో పెంగ్విను పక్షి చేపను మ్రింగును. 2000 సంవత్సరమున ఒక ఫ్రెంచి దేశీయుడు ప్రారంభించిన ‘జీకాంప్రీ’లోను ఇట్లే అక్షరములు, మాటలు రాలుచుండును. ఈ రెండును వెల లేకుండ లభించును. పది మారులు తప్పినను యంత్రము కసరదు. పిల్లవానికి విసుగు పుట్టదు.

అయితే ఒక చిక్కు గలదు. చేప జారిపోవునను తొందరలో పిల్లవాడు ఒంటి వ్రేలితో మీటలు వెదకును. అప్పుడు ఆట గెలుచును, విద్య ఓడును. ఏ వ్రేలు ఏ మీటపై నున్నదో యంత్రము చూడజాలదు. అది చూడవలసినవారము మనమే. చేతులపై పలుచని తువాలు కప్పి, మొదట వేగమును విడిచి, తప్పులు లేకుండ కొట్టుట నేర్పవలెను. దినమునకు పావుగంట చాలును.

అంతకంటె ముఖ్యమైన దింకొకటి. మన పిల్లలు పెక్కుమంది తెలుగు మాటను ఆంగ్లాక్షరములలో వ్రాయుచున్నారు. వ్రేళ్లకు తెలుగు మీటలు తెలియకపోవుట ఇందుకు ఒక కారణము. 1991లో భారతీయ ప్రమాణములలో చేరిన ఇన్‌స్క్రిప్టు పద్ధతిలో అచ్చులు, వాని గుర్తులు ఎడమచేతికి, హల్లులలో పెక్కు కుడిచేతికి వచ్చును. ‘గోదావరి’ యని వ్రాయుటకు ఏడు మీటలే. వకారము ఎడమవైపున నుండుటచే అచట తప్ప, తక్కినదంతయు కుడియెడమల వంతులుగా సాగును. రెండు తెడ్లతో పడవ నడిపినట్లుండును.

కావున ఆట ముగిసిన పిమ్మట మన బిడ్డలచేత ‘గోదావరి’ యని యొకమారు కొట్టింతము. పిమ్మట వారి యూరి పేరు, అటుపై అమ్మమ్మకు నాలుగు వాక్యముల జాబు. ఆ జాబు తెలుగులిపిలో అమ్మమ్మకు చేరిననాడు ఆట విద్యయైనదని మనము నమ్మవచ్చును.