నేక్ చంద్: కూలిన పల్లెల నుంచి లేచిన శిల్పాలు



 చండీగఢ్ రాక్ గార్డెన్ పేరెత్తగానే నేక్ చంద్ గురించి చాలామంది ఒకే మాట అంటారు: చెత్తతో తోట కట్టిన మహానుభావుడు అని. ఆ మాటలో తప్పు లేదు. కానీ అక్కడే ఆగిపోతే ఆయన చేసిన పని మన కంట పడదు. ఆయన శిల్పి. ఇరవయ్యో శతాబ్దపు భారతీయ శిల్పుల్లో ముందు వరుసలో నిలబెట్టవలసిన శిల్పి. ఎందుకంటున్నానో చెప్పడానికే ఈ సాయంత్రం మీ ముందు నిలబడ్డాను.

1924 డిసెంబరు 15న పంజాబులోని బరియాన్ కలాన్ అనే పల్లెలో ఆయన రైతుబిడ్డగా పుట్టారు. అది గురుదాస్‌పూర్ జిల్లా షకర్‌గఢ్ తాలూకాలో ఉండేది. 1947లో దేశం విడిపోయినప్పుడు జిల్లాలో మిగిలిన తాలూకాలు ఇటువైపే ఉండిపోయాయి. రావి నదికి ఆవల ఉన్న షకర్‌గఢ్ ఒక్కటీ పాకిస్తాన్‌కు పోయింది. ఇరవై రెండేళ్ళ వయసులో, అయినవాళ్ళతో కలిసి, పుట్టిన ఊరు వదిలి వచ్చారు నేక్ చంద్. చిన్నప్పుడు ఏటి ఒడ్డున మట్టితో, రాళ్ళతో, గాజు పెంకులతో బొమ్మలు చేసుకుని ఆడేవాడినని, అమ్మ చెప్పిన రాజుల కథలు, దేవతల కథలు వింటూ పెరిగానని తరువాతి కాలంలో ఆయన చెప్పుకునేవారు. ఊరు పోయింది, ఆ ఆటా ఆ కథలూ మాత్రం వెంట వచ్చాయి.

లాహోరు అటు పోవడంతో మన పంజాబుకు రాజధాని లేకుండా పోయింది. కొత్తది కట్టాలని నెహ్రూ పట్టుబట్టారు. మొదట ఆల్బర్ట్ మేయర్, మాథ్యూ నొవికి నగరానికి నమూనా గీశారు. 1950లో నొవికి విమాన ప్రమాదంలో చనిపోయాక ఆ పని ఫ్రాన్సు నుంచి వచ్చిన లె కార్బూజియేకు దక్కింది. ఆయన చండీగఢ్‌లో అడుగుపెట్టింది 1951లో. అదే ఏడాది ప్రజాపనుల శాఖలో రోడ్డు ఇన్‌స్పెక్టరు ఉద్యోగంతో నేక్ చంద్ కూడా అక్కడికే చేరారు. ఒకరి చేతిలో నగరం నమూనా ఉంది, మరొకరికి సైకిలు ఉంది.

నగరం లేవాలంటే ముందు అక్కడున్న పల్లెలు పడాలి. ఒక్కొక్కటే ఖాళీ చేయించారు, ఇళ్ళు కూల్చారు. గోడలు, గుమ్మాలు, కుండలు, పింగాణీ పళ్ళాలు, ఆడవాళ్ళు వదిలేసిన గాజుల ముక్కలు కుప్పలుగా మిగిలాయి. అప్పటికే ఒక ఊరు పోగొట్టుకున్న మనిషి, ఇక్కడి ఊళ్ళు పోవడం రోజూ ఉద్యోగంలో భాగంగా చూశారు. ఆ కుప్పల్లోంచి తనకు నచ్చినవి ఏరుకుని సైకిలు మీద కట్టుకుని పోవడం మొదలుపెట్టారు. శివాలిక్ కొండల కింద పారే సుఖ్నా చో, పటియాలీ రావ్ వాగుల్లోనూ ఘగ్గర్ నదిలోనూ మనిషి మొహంలాగో పక్షిలాగో కనిపించే రాళ్ళు దొరికేవి. వాటినీ మోసుకొచ్చారు.

ఎక్కడికి? ఆయన బాధ్యతలో ఉన్న శాఖా గిడ్డంగి పక్కనే, హైకోర్టుకూ సుఖ్నా సరస్సుకూ మధ్య, ఒక అడవి జాగా ఉంది. నగర నమూనా ప్రకారం అక్కడ ఏ కట్టడమూ రాకూడదు. 1950ల చివర ఆ తుప్పల నడుమ కొంచెం మేర శుభ్రం చేసి, ఒక గుడిసె వేసి, తెచ్చిన సామాను అక్కడ పేర్చారు. ఏళ్ళ తరబడి పోగుచేయడమే సరిపోయింది. ప్రతిమలు చేయడానికి దిగింది 1965 ప్రాంతంలో. పగలు ఉద్యోగం, రాత్రి పాత టైర్లు తగలబెట్టుకుని ఆ వెలుగులో పని. దగ్గరివాళ్ళు కొద్దిమందికి తప్ప ఎవరికీ తెలియదు. బయటపడితే ఉద్యోగం ఊడుతుంది, కట్టినదంతా నేలమట్టం అవుతుంది. ప్రదర్శన లేదు, కొనేవాళ్ళు లేరు, మెచ్చుకునేవాళ్ళు లేరు. అలా పదిహేనేళ్ళకు పైగా ఒక మనిషి పనిచేశాడంటే ఆ పట్టుదల నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది.

ఇక పనితనం దగ్గర కొంచెంసేపు ఆగుతాను. ఇక్కడ శిల్ప విద్యార్థులు ఉన్నారు కాబట్టి ఇది వాళ్ళకు ముఖ్యం.

నేక్ చంద్ శిల్పశాలలో చదువుకోలేదు. రోడ్ల పనిలో చదువుకున్నారు. సిమెంటు ఎంత ఇసుకను పట్టుకుంటుందో, ఎన్నాళ్ళు తడిపితే గట్టిపడుతుందో, కాంక్రీటు లోపల ఇనుము ఏ పని చేస్తుందో ఇన్‌స్పెక్టరుకు తెలిసి తీరాలి. ఆ విద్యతోనే ప్రతిమలు నిలబెట్టారు. లోపల ఎముకలగూడుగా పాత గొట్టాలు, సైకిలు చట్రాలు, ముందు చక్రం పట్టుకునే ఫోర్కులు, ఇనుప తుక్కు ఉంటాయి. దాని మీద సిమెంటు, ఇసుక కలిపి ఒళ్ళు దిద్దుతారు. అది ఆరకముందే గాజుల ముక్కలో, పింగాణీ పెంకులో అద్దుతారు. ఆ పెంకే ఆ ప్రతిమకు చర్మం, అదే బట్ట, అదే నగ. కొన్ని జంతువులకు సైకిలు సీటే తలకాయ అయింది. బట్టీలో మాడి వంకర తిరిగిన ఇటుకలు కొన్ని ప్రతిమలకు ఒళ్ళు అయ్యాయి. తారు పీపాలు బారుగా నిలబడి ప్రహరీ అయ్యాయి. పాత కరెంటు ఫ్యూజుల పింగాణీ ముక్కలతో ఒక గోడంతా నింపారు. పగిలిన వాష్ బేసిన్లు, మరుగుదొడ్ల పింగాణీ కూడా వదల్లేదు.

1942లో పికాసో ఒక సైకిలు సీటు, ఒక హ్యాండిలు కలిపి ఎద్దు తల చేశాడు. ప్రపంచ కళాచరిత్రలో పేరు మోసిన పని అది. అక్కడ చూసేవాడికి ఆనందం ఎక్కడుందంటే, ఒక క్షణం ఎద్దు కనిపిస్తుంది, మరుక్షణం సైకిలు కనిపిస్తుంది. దొరికిన వస్తువు తన పాత పేరు వదలదు. దుషాంప్ అనే కళాకారుడు 1913లో స్టూలు మీద బిగించిన సైకిలు చక్రంలో అయితే పాత పేరు వదలకపోవడమే అసలు సంగతి. నేక్ చంద్ దగ్గర ఆ రెండు ముఖాల చమత్కారం లేదు. చాలాసార్లు సైకిలు పూర్తిగా సిమెంటు లోపలికి వెళ్ళిపోయి, బయటి మనిషిని నిలబెట్టే వెన్నెముక అయిపోతుంది. గాజు ముక్క మాత్రం పైన ఉండి, ఎవరో ఒకావిడ చేతికి వేసుకున్న సంగతి గుర్తు చేస్తూనే ఉంటుంది. దాచవలసింది దాచి, చూపవలసింది చూపడం శిల్పి తీసుకునే నిర్ణయం. చెత్త ఏరుకునే ప్రతివాడికీ ఆ విచక్షణ ఉండదు.

కాలిఫోర్నియాలో సైమన్ రోడియా 1921 నుంచి 1954 దాకా ఒంటరిగా కట్టిన వాట్స్ టవర్స్‌తోనూ, ఫ్రాన్సులో షెవాల్ అనే తపాలా ఉద్యోగి 33 ఏళ్ళు రాళ్ళు ఏరి కట్టిన సౌధంతోనూ ఈ తోటను పోల్చడం రివాజు. ముగ్గురూ బళ్ళో నేర్చుకోనివాళ్ళే, సరే. నాకు మాత్రం తేడా పెద్దదిగా కనిపిస్తుంది. మిగిలిన ఇద్దరూ భవనాలు, గోపురాలు కట్టారు. నేక్ చంద్ జనాన్ని కట్టారు. నీళ్ళ కడవలతో నిలబడిన ఆడవాళ్ళు, సంగీతగాళ్ళు, నాట్యగత్తెలు, కోతులు, నెమళ్ళు మెట్ల మీద వరసలు వరసలుగా బారులు తీరి, సంక్రాంతినాటి మన బొమ్మల కొలువులా నిలబడి ఉంటాయి. ఒక్క ప్రతిమను విడదీసి మ్యూజియంలో పెడితే సగం అర్థమే దక్కుతుంది. వందమంది ఒకేసారి మనకేసి చూస్తుంటేనే అది శిల్పం. అక్కడికి చేరే దారి కూడా ఆయన శిల్పంలో భాగమే. సన్నని బాటలు, తల వంచితే గాని దూరలేని గుమ్మాలు, మలుపు తిరిగితే ఒక్కసారిగా తెరుచుకునే ప్రాంగణాలు. కార్బూజియే నగరంలో దారులన్నీ సూటిగా పోతాయి, ఎదుటిది దూరం నుంచే కనపడుతుంది. ఇక్కడ ప్రతిదీ నడిచి కనుక్కోవాలి.

1970ల మొదట్లో సంగతి అధికారుల చెవిన పడింది. అప్పటికి పని 12 ఎకరాల దాకా విస్తరించింది. చట్ట ప్రకారం అది అక్రమ నిర్మాణం, కూల్చేయాలి. కూల్చకుండా ఆపినవాళ్ళను ఈ సభలో తలచుకోవాలి. ఎం.ఎస్. రంధావా వృక్షశాస్త్రజ్ఞుడు, పహాడీ చిత్రాల మర్మం తెలిసినవాడు, చండీగఢ్ పచ్చదనానికి దారి చూపిన అధికారి. ఆయన వంటివాళ్ళు దీని విలువ గుర్తించి అండగా నిలిచారు. 1976లో తోట ప్రజలకు తెరుచుకుంది. నేక్ చంద్‌కు రాక్ గార్డెన్ సబ్ డివిజనల్ ఇంజినీరు అన్న హోదా, జీతం, చేతి కింద యాభైమంది పనివాళ్ళను ఇచ్చారు. ఊరంతటా పగిలిన పింగాణీ, గుడ్డపేలికలు సేకరించే కేంద్రాలు పెట్టారు. దొంగచాటుగా పనిచేసిన మనిషిని ప్రభుత్వమే శిల్పిగా కొలువులో పెట్టుకోవడం మన దేశంలో అరుదైన సంగతి. 1983లో తపాలా బిళ్ళ, 1984లో పద్మశ్రీ వచ్చాయి. తరువాత జలపాతాలు, ఊయలలు కట్టిన కమానులు చేరి తోట పాతిక ఎకరాలు దాటింది.

అయితే గౌరవం ఒక్కసారి దక్కితే ఎల్లకాలం నిలవదు. 1990లో తోటలో కొంత భాగం మీదుగా రోడ్డు వేయాలని బుల్డోజర్లు వచ్చాయి. చండీగఢ్ ప్రజలు వాటికి అడ్డంగా నిలబడ్డారు, యంత్రాలు వెనక్కి వెళ్ళాయి. 1996లో ఆయన విదేశాల్లో ఉండగా పనివాళ్ళను ఉపసంహరించారు, దుండగులు ప్రతిమలను విరగ్గొట్టారు. ఆ మరుసటి ఏడాది ఇంగ్లండులో ఆయన పేర సంస్థ ఏర్పడి, స్వచ్ఛంద సేవకులను పంపి బాగుచేయించే పని నెత్తికెత్తుకుంది. అమెరికాలో మరొక పాఠం ఉంది. 1980ల మధ్య వాషింగ్టన్‌లో పిల్లల మ్యూజియం కోసం ఆయన ఒక తోట కట్టారు. 2004లో ఆ మ్యూజియం చోటు ఖాళీ చేయడంతో తోట చెదిరిపోయింది, బొమ్మలు వేరువేరు మ్యూజియాల పాలయ్యాయి. దక్షిణాదిలో ఆయన చేతి పని చూడాలంటే కేరళలో పాలక్కాడు దగ్గర మలంపుళ వెళ్ళాలి.

2015 జూన్ 12న, తొంభై ఏళ్ళ వయసులో, చండీగఢ్‌లోనే ఆయన కన్నుమూశారు.

ఇప్పుడు మన ఊళ్ళ సంగతి. తెనాలి శిల్పులు ఇనుప తుక్కుతో, నట్లు బోల్టులతో నిలువెత్తు విగ్రహాలు చేస్తున్నారు. మునిసిపాలిటీలు కూడళ్ళలో పాతసామానుతో బొమ్మలు పెట్టిస్తున్నాయి. సంతోషించవలసిన విషయమే. ఆ బొమ్మ దగ్గర ఎన్ని కిలోల తుక్కు వాడారో రాస్తే చాలదు, చేసిన చేతుల పేరు రాయండి. తుప్పు పట్టకుండా ఏటేటా చూసుకునే ఖర్చు మొదటిరోజే లెక్కలో రాసి పెట్టండి. నేక్ చంద్ ప్రతిమలకు దెబ్బ తగిలింది ఎండ వల్లా వాన వల్లా కాదు, పట్టించుకునే మనుషులను తీసేయడం వల్ల.

శిల్పం నేర్పే అధ్యాపకులకు ఒక విన్నపం. సిమెంటును శిల్పానికి వాడిన కథ చెప్పేటప్పుడు మీరు శాంతినికేతన్‌లో రాంకింకర్ బైజ్ 1938లో చేసిన సంథాల్ కుటుంబం చూపిస్తారు, చూపించాలి కూడా. ఆ వెంటనే, అదే పాఠంలో, నేక్ చంద్ గాజుల ఆడవాళ్ళను చూపించండి. వీలైతే పిల్లలను చండీగఢ్ తీసుకెళ్ళండి. జలపాతాల దగ్గరకు తరువాత పోవచ్చు, ముందు ఆయన రాత్రుళ్ళు ఒంటరిగా కట్టిన తొలి ప్రాంగణాల్లో వాళ్ళను కూర్చోబెట్టి బొమ్మలు గీయించండి.