బూడిద యిటుక



మా ఈపూరు పల్నాటి సీమలో వినుకొండ ప్రాంతమున నున్న వ్యవసాయపు గ్రామము. కొన్నేండ్ల క్రిందట అచ్చట పశువులకొట్టమునకు గోడలు పెట్టదలచి ఇటుకలకై విచారించితిని. అప్పుడే పొరుగు రైతొకడు ఎర్రయిటుకల ఆవమునకు తన చేనిపై మన్ను జానెడు లోతున అమ్మెను. మరుసటి యేడు ఆ చేనిలో కంది మోకాలెత్తు దాటలేదు. తరతరములుగా కూడిన సారము ఆవములో కొలదిదినములలో కాలిపోయినది.

అది చూచి నేను బూడిద యిటుకలు తెప్పించితిని. ఇబ్రహీంపట్నమున 1979లో మొదలైన విద్యుత్కేంద్రము వంటి చోట్ల బొగ్గుపొడి మండగా, పొగతో ఎగయు సన్నని బూడిదను యంత్రములతో పట్టి నిలుపుదురు. దానికి సున్నము, జిప్సము, ఇసుక చేర్చి అచ్చుపోయుదురు, కాల్చనక్కరలేదు. విశాఖపట్టణమున భానుమతీదాస్, కాళిదాస్ గారలు ఈ పద్ధతిని ఫాల్-జి యను పేర రూపొందించిరి. ఇందులకు ఇతర కర్మాగారములలో మిగిలిన సున్నమును, జిప్సమును సైతము వాడవచ్చును.

ఇది మనకు క్రొత్తగాదు. మన పెద్దలు గానుగసున్నములో ఇటుకపొడి కలిపి నీటితొట్లు కట్టిరి. కాలిన మట్టి సున్నముతో కూడినచో తడిలోనే రాయివలె బిగియును. బొగ్గులోని మట్టి కాలగా మిగిలినదే యీ బూడిద.

అయినను నా మొదటి లారీ యిటుకలు గోటితో గీచినంతనే రాలినవి. మేస్త్రి నవ్వి, "బూడిద బూడిదేనండీ!" అనెను. విచారింపగా, చేసినవారు రెండు దినములు మాత్రమే తడిపి అమ్మిరని తెలిసినది. సున్నము, బూడిద మెల్లగా కలియును, తొందరపడిన కలియవు. మూడు వారములు తడిపిన యిటుకలు మరొకచోట కొంటిని. ఆ గోడలు నేటికిని చెక్కుచెదరలేదు.

పై మన్ను కాపాడుట కొరకే కేంద్ర ప్రభుత్వము 1999లో, విద్యుత్కేంద్రముల సమీపమున ఇటుకలలో బూడిద కలుపవలెనని ఆజ్ఞాపించినది. 2021లో బూడిదనంతను వినియోగమునకు తెచ్చు భారమును ఆ కేంద్రములపైననే ఉంచినది. కాని మంచి యిటుకను ఎన్నుకొను భారము మనదే.

కనుక కొనునపుడు ఎన్నిదినములు తడిపిరో అడుగుడు. రెంటిని తాకించిన ఖంగుమనవలెను. ఎండు ఇటుకను తూచి, 24 గంటలు నానవేసి మరల తూచుడు. పీల్చిన నీరు ఎండుబరువులో నూటికి 20 పాళ్లు మించరాదు. ఇంతపాటి శ్రమకు ఓర్చినచో, ఒక గోడకొరకు ఒక చేను చెడనక్కరలేదు.